యోగా సరే... ఆ చూర్ణంలో ఏముంది? పిల్లల్ని గ్రౌండ్‌కు పంపే ఇళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిలో కౌలాలంపూర్‌లో జరిగిన అండర్-19 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్‌గా నిలిచింది. టోర్నీ మొత్తానికీ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఇలాంటి పేర్లు విన్నాక మన పిల్లలను కూడా గ్రౌండ్‌కు పంపాలనే ఆశ ఏ ఇంట్లో అయినా కలుగుతుంది. అటు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే అబ్బాయిలు సరేసరి.

పిల్లలు గ్రౌండ్‌కు వెళ్లడం మొదలైన కొద్ది రోజులకే ఇంటికి సలహాలు వస్తాయి. "ఫజర్ నమాజ్ తర్వాత కాసేపు యోగా చేయించండి, ఒళ్లు తేలికవుతుంది" అని ఒకరంటారు. "రాత్రి పాలల్లో అశ్వగంధ కలిపి ఇవ్వండి, దమ్ము పెరుగుతుంది" అని ఇంకొకరంటారు. "మోకాళ్ల నొప్పులా? ఫలానా చోట మంచి చూర్ణం దొరుకుతుంది, అడవి మందే కదా, ఏం కాదు" అని మూడో సలహా.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. యోగా వల్ల మేలు ఎంతైనా, కీడు తక్కువ. అశ్వగంధకు కొంత ఆధారం ఉంది, కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. మూడోదానితోనే అసలు చిక్కు. పేరు తెలియని చూర్ణం ఒక్కటి చాలు, ఏళ్ల సాధన మట్టిలో కలిసిపోవడానికి. ప్రాణానికే ముప్పు రావచ్చు కూడా. దీనికి మన భద్రాచలం అడవిలో దొరికే ఒక గింజే పెద్ద ఉదాహరణ. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

యోగా ఏం చేస్తుంది, ఏం చేయదు

ఆటగాడికి యోగా ఇచ్చేవి ముఖ్యంగా మూడు: ఒళ్లు వంగే గుణం, బ్యాలెన్స్, ఊపిరి మీద అదుపు. అమెరికాలో కాలేజీ ఆటగాళ్లతో చేసిన ఒక పరిశోధన 2016లో అచ్చయింది. అందులో మొత్తం 26 మంది. వారిలో 14 మంది 10 వారాల పాటు వారానికి రెండుసార్లు యోగా చేశారు, మిగతా వాళ్లు చేయలేదు. యోగా చేసిన వాళ్లలో ఒంటి వంపు, నిలకడ మెరుగుపడ్డాయి. ఇది చిన్న పరిశోధనే. కానీ కోచ్‌లు అనుభవంతో చెప్పే మాటకు దగ్గరగానే ఉంది.

అయితే యోగా చేస్తే పరుగు టైమింగ్ దానంతటదే తగ్గిపోదు. పరుగు పెరగాలంటే పరిగెత్తాల్సిందే, బరువు ఎత్తాలంటే ఎత్తి సాధన చేయాల్సిందే. యోగా ఆ సాధనకు తోడు మాత్రమే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రేసుకు ముందు ఒక్కో ఆసనంలో నిమిషానికి పైగా కండరాన్ని సాగదీసి ఉంచుతారు. అలా ఎక్కువసేపు సాగదీసిన వెంటనే కండరం తన పూర్తి జోరు చూపించలేదు. పోటీకి ముందు నెమ్మది జాగింగ్, మోకాళ్లు ఎత్తి పరిగెత్తడం, చిన్న చిన్న గంతులు వంటివి చేయాలి. ఆసనాలు ప్రాక్టీస్ అయిపోయాకో, విశ్రాంతి రోజునో చేసుకోవాలి. స్టార్టింగ్ లైన్ దగ్గర గుండె దడ తగ్గడానికి మాత్రం నెమ్మదిగా, లోతుగా నాలుగైదుసార్లు ఊపిరి తీసి వదలడం మంచిదే. శీర్షాసనం లాంటివి చూసి నేర్పేవాళ్లు లేకుండా పిల్లలతో చేయించవద్దు, మెడకు దెబ్బ తగులుతుంది.

మన ఇళ్లలో వచ్చే ఇంకో ప్రశ్న, యోగా చేయొచ్చా అని. 2008లో మలేషియా ఫత్వా కౌన్సిల్ ముస్లింలు యోగా చేయకూడదని చెప్పింది. ఆ తర్వాత అప్పటి ప్రధాని అబ్దుల్లా బదావీ, మంత్రాలు లేకుండా కేవలం వ్యాయామంగా చేసుకుంటే అభ్యంతరం లేదని వివరణ ఇచ్చారు. 2017లో సౌదీ అరేబియా యోగాను క్రీడల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడ యోగా నేర్పిన నౌఫ్ మర్వాయీకి 2018లో మన దేశం పద్మశ్రీ ఇచ్చింది. ఒంటిని వంచడం, ఊపిరి తీయడం వ్యాయామాలు. శ్లోకాలు, నమస్కారాలు వేరే సంగతి. అవి లేకుండానే ఈ వ్యాయామం చేసుకోవచ్చు. అయినా మనసులో సందేహం ఉంటే తెలిసిన ఆలిం సాబ్‌ను అడిగి తేల్చుకోవడమే మంచిది. ఫిజియోథెరపిస్టు నేర్పే స్ట్రెచింగ్‌తో కూడా ఇంచుమించు అదే ఫలితం వస్తుంది.

అశ్వగంధ లెక్క ఎంత?

అశ్వగంధను తెలుగులో పెన్నేరు గడ్డ అంటారు, యునానీలో అస్గంధ్ అంటారు. ఆటగాళ్ల విషయంలో కాస్త గట్టిగా పరీక్షించిన మూలికల్లో ఇదొకటి. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో, బరువులు ఎత్తడంలో పెద్దగా అనుభవం లేని 57 మంది మగవాళ్లు 8 వారాలు వ్యాయామం చేశారు. కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల అశ్వగంధ వేరు సారం, మిగతావారికి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. అశ్వగంధ తీసుకున్నవారు బెంచ్ ప్రెస్‌లో సగటున 46 కిలోలు ఎక్కువ ఎత్తగలిగారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 26 కిలోలు ఎక్కువ ఎత్తారు.

ప్రకటనల్లో మొదటి అంకె మాత్రమే వినిపిస్తుంది. రెండో అంకెను కూడా పక్కన పెట్టి లెక్క చూడాలి. మందేమీ లేకుండా ఉట్టి వ్యాయామంతోనే 26 కిలోలు వచ్చాయి. అంటే పెరిగిన దాంట్లో సగానికి పైగా సాధన ఫలితమే. పైగా వాళ్లంతా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు. ఏళ్ల తరబడి సాధన చేస్తున్న ఆటగాడికి అంత పెరుగుదల వస్తుందని ఆశ పడకూడదు. ఇక యోగాకు అశ్వగంధ తోడైతే ఫలితం రెట్టింపు అవుతుందని చెప్పడం అమ్మేవాళ్ల మాట. విడివిడిగా వచ్చిన రెండు ఫలితాలను కూడేసి అలా చెప్పకూడదు.

అశ్వగంధ నిషేధిత జాబితాలో లేదు. కానీ అందరికీ పడదు. థైరాయిడ్, షుగర్ మందులు, నిద్ర మాత్రలు వాడేవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు. కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించింది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

పల్లేరు కాయల సంగతి ఇంకో రకం. 'ట్రిబ్యులస్' పేరుతో జిమ్‌లలో అమ్మే డబ్బాల్లో ఉండేది మన చేల గట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరే. ఆస్ట్రేలియాలో 22 మంది రగ్బీ ఆటగాళ్లతో 5 వారాలు పరీక్షించి, 2007లో ఫలితం ప్రచురించారు. పల్లేరు తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ బలంలో తేడా రాలేదు.

భద్రాచలం అడవి గింజ

ఇప్పుడు ఆ గింజ దగ్గరకు వద్దాం. భద్రాచలం ఏజెన్సీలో గిరిజనుల నుంచి గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, కొనే అటవీ ఫలసాయంలో ఇప్ప పువ్వు, తేనె, తపసి జిగురు, కరక్కాయ, చిల్ల గింజలు ఉంటాయి. వాటితో పాటు ముష్టి గింజలు కూడా ఉంటాయి. బూడిద రంగులో, చొక్కా గుండీలా గుండ్రంగా, పట్టులాంటి నూగుతో ఉండే గింజ అది. నీళ్లు తేర్చడానికి వాడే చిల్ల గింజ, ఈ ముష్టి గింజ ఒకే జాతి చెట్లవి. కానీ గుణం పూర్తిగా వేరు.

ముష్టి గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే విష పదార్థాలు ఉంటాయి. మన వెన్నుపాములో కండరాలకు "ఇక ఆగు" అని చెప్పే సంకేతాలు ఉంటాయి. స్ట్రిక్నిన్ ఆ సంకేతాలను అడ్డుకుంటుంది. దాంతో చిన్న శబ్దానికి కూడా కండరాలు బిగుసుకుపోతాయి. మోతాదు మించితే ఒళ్లంతా విల్లులా వంగి, ఊపిరి ఆగిపోయి మనిషి చనిపోవచ్చు. కొద్దిపాటిగా తీసుకుంటే ఒంట్లో చురుకు వచ్చినట్టు అనిపిస్తుంది. పాతకాలం ఆటగాళ్లను ఆకర్షించింది ఈ చురుకే. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్‌కు దారిలో స్ట్రిక్నిన్, బ్రాందీ ఇచ్చి పరిగెత్తించారు. ఆయన గెలిచాడు కానీ, చివర్లో నిలబడలేని స్థితిలో వైద్యుల చేతికి చేరాడు. అప్పట్లో దాని మీద నిషేధం లేదు. ఇప్పుడు స్ట్రిక్నిన్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' జాబితాలో ఉంది. పోటీ సమయంలో ఒంట్లో దొరికితే తప్పే.

దీనివల్ల నష్టపోయినవాళ్లలో మన దేశం గర్వించిన క్రీడాకారిణి ఉంది. మణిపూర్‌కు చెందిన వెయిట్‌లిఫ్టర్ కుంజరాణి దేవి ప్రపంచ పోటీల్లో ఏడు రజతాలు గెలిచి, ఖేల్ రత్న అందుకుంది. 2001లో దక్షిణ కొరియాలో జరిగిన ఆసియా పోటీల్లో ఆమె శాంపిల్‌లో స్ట్రిక్నిన్ దొరికింది. ఆరు నెలల నిషేధం పడింది. తర్వాత తిరిగి వచ్చి 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో కిర్గిజ్‌స్థాన్ వెయిట్‌లిఫ్టర్ ఇజ్జత్ ఆర్తికోవ్‌కు కంచు పతకం వచ్చింది. స్ట్రిక్నిన్ దొరకడంతో కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మన ఇంటి మందుల్లో ఇది ఎక్కడ ఉంది?

ఉర్దూలో కుచ్లా, యునానీలో అజారాఖీ, ఆయుర్వేదంలో కుపీలు లేదా విషముష్టి. పేర్లు వేరైనా గింజ ఒక్కటే. కీళ్ల నొప్పులు, నరాల బలహీనత, పక్షవాతం లాంటి వాటికి యునానీలో హబ్బె అజారాఖీ, మాజూనె అజారాఖీ ఇస్తారు. హకీంలు ఆ గింజను శుద్ధి చేసి 'ముదబ్బర్' చేశాకే వాడతారు. ఆయుర్వేదంలోనూ పాలు, నెయ్యి వంటి వాటితో శోధన చేస్తారు. దానివల్ల విషం తగ్గుతుంది, పూర్తిగా పోదు. హకీం సాబ్ నాడి చూసి, లెక్కగా రాసిచ్చిన మోతాదు ఒక పెద్దాయనకు మందు కావచ్చు. అదే గోళీ మోకాలి నొప్పి అన్న మనవడికి దాదీమా ఇస్తే, వాడు పోటీలో ఉంటే, అది డోపింగ్ అవుతుంది. శాంపిల్‌లో ఇంత కంటే ఎక్కువ ఉంటేనే తప్పు అనే పరిమితి స్ట్రిక్నిన్‌కు లేదు.

హోమియోపతిలో నక్స్ వామికా కూడా ఈ గింజ నుంచి చేసిందే. ఎక్కువగా పలచన చేసిన గోళీల మాట ఎలా ఉన్నా, మదర్ టింక్చర్ లాంటి చిక్కటి వాటి జోలికి ఆటగాడు పోకూడదు.

దీనికి చట్టం కూడా ఉంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఈ(1)లో ఆయుర్వేద, యునానీ, సిద్ధ మందుల్లో వాడే విష పదార్థాల జాబితా ఉంది. ముష్టి అందులో ఉంది. అలాంటి పదార్థం కలిసిన మందు సీసా మీద "జాగ్రత్త, వైద్యుల పర్యవేక్షణలో వాడాలి" అనే అర్థం వచ్చే హెచ్చరిక ఇంగ్లీషులో, హిందీలో కనిపించేలా ముద్రించాలి. సంతలో కాగితం పొట్లం కట్టి ఇచ్చే చూర్ణం మీద ఆ హెచ్చరిక ఎక్కడుంటుంది?

"నాకు తెలియదు" అంటే కుదరదు

2010 ఆసియా క్రీడల 4×400 రిలే స్వర్ణం గెలిచిన జట్టు గుర్తుందా? అందులోని అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సినీ జోస్ 2011లో స్టెరాయిడ్ వాడినట్టు తేలింది. తమకు కోచ్ చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్ ఇచ్చారని, అది మూలికే అనుకున్నామని వాళ్లు చెప్పారు. ఉక్రెయిన్‌కు చెందిన ఆ కోచ్‌ను తొలగించారు. అయినా అమ్మాయిలకు శిక్ష తప్పలేదు. మొదట ఏడాది నిషేధం వేశారు. 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. లండన్ ఒలింపిక్స్ చేజారిపోయాయి.

డోపింగ్ నిబంధనల్లో మొదటి సూత్రం ఇదే: ఒంట్లో ఏం దొరికినా దానికి ఆటగాడే బాధ్యుడు. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది శిక్ష తగ్గించడానికి పనికి రావచ్చు, తప్పు లేదని నిరూపించడానికి పనికి రాదు. మన దేశంలో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం 2022లో వచ్చింది. ఖేలో ఇండియా వంటి పోటీల్లో కూడా జాతీయ సంస్థ 'నాడా' శాంపిళ్లు తీసుకుంటుంది. వాడా లెక్కల ప్రకారం 2024లో మన దేశంలో 7,113 శాంపిళ్లు పరీక్షిస్తే 260లో నిషేధిత పదార్థాలు దొరికాయి. అంటే నూటికి మూడున్నర కంటే కాస్త ఎక్కువ.

ఇక ప్రాణం సంగతి. కొత్తగూడెం, మణుగూరు వైపు ఎండాకాలం ఎంత మండుతుందో చెప్పనక్కర్లేదు. 'కొవ్వు కరిగించే మూలిక' పేరుతో వచ్చే కొన్ని డబ్బాలు గుండె వేగాన్ని, ఒంటి వేడిని పెంచుతాయి. 2003లో అమెరికాలో స్టీవ్ బెక్లర్ అనే 23 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు ప్రాక్టీస్‌లో వడదెబ్బతో చనిపోయాడు. అతను ఎఫిడ్రా అనే మొక్క నుంచి చేసిన సప్లిమెంట్ వాడుతున్నాడు. మరుసటి ఏడాది అమెరికా దాన్ని సప్లిమెంట్లలో నిషేధించింది. మన ఎండలో అలాంటి డబ్బా తెచ్చి పరిగెత్తడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కొనే ముందు చూడాల్సినవి

ఒకటి, లైసెన్స్. ఆయుర్వేద, యునానీ మందు అయితే తయారీ లైసెన్స్ నంబర్ ఉంటుంది. ఫుడ్ సప్లిమెంట్ అయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉంటుంది. రెండూ లేని పొడి పొట్లాలు, లేబుల్ లేని గోళీలు ఆటగాడి ఇంట్లోకి రానివ్వకండి. నంబర్ ఉన్నంత మాత్రాన డోపింగ్ భయం లేదని కాదు, కానీ నంబర్ లేనిది అడుగుదామన్నా జవాబు చెప్పేవాడు ఉండడు.

రెండు, పేర్లు. కుచ్లా, అజారాఖీ, కుపీలు, విషముష్టి, నక్స్ వామికా, స్ట్రిక్నోస్, ఎఫిడ్రా. ఈ మాటల్లో ఏది కనిపించినా పక్కన పెట్టండి. వారంలో ఫలితం, రెట్టింపు బలం అని రాసి ఉంటే మరీ అనుమానించాలి. నిజంగా అంత త్వరగా పని చేస్తోందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని భయపడాలి.

మూడు, నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్. డాక్టర్ రాసిన మందు పేరు అందులో కొట్టి చూడొచ్చు. ఇది మందుల కోసమే, సప్లిమెంట్ డబ్బాకు హామీ ఇవ్వదు. నిజంగా జబ్బు ఉండి నిషేధిత మందే వాడాల్సి వస్తే ముందుగా దరఖాస్తు చేసి అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. డాక్టర్‌కైనా, హకీం సాబ్‌కైనా మొదటి మాటగా "మా బిడ్డ పోటీల్లో ఆడుతుంది" అని చెప్పాలి.

నాలుగు, హలాల్. మెత్తటి క్యాప్సూల్స్ చాలావరకు జిలాటిన్‌తో చేస్తారు. అది ఏ జంతువుదో లేబుల్ మీద ఉండకపోవచ్చు. మొక్కల నుంచి చేసిన క్యాప్సూల్స్ కూడా దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. అశ్వగంధారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. వాటిలో సహజంగా ఆల్కహాల్ పుడుతుంది. ఆ మాట సీసా మీద రాసి ఉంటుంది, చదవాలి.

ఐదు, రంజాన్. ఉపవాస నెలలో కొత్త మూలిక ఏదీ మొదలుపెట్టవద్దు. కఠిన సాధన ఇఫ్తార్ తర్వాతకు మార్చుకుని, పగలు తేలికపాటి ఆసనాలతో సరిపెట్టుకోవచ్చు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పింది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వంద గ్రాముల వేరుశనగ గింజల్లో 25 గ్రాముల దాకా ఉంటుంది. పప్పు, పెరుగు, రాగి జావ, చేపలు, రెండు ఖర్జూరాలు మన వంటింట్లో కొత్తవి కావు. నెలకు డబ్బా కోసం పెట్టే డబ్బు మొదట వీటికీ, పాదాలకు సరిపోయే మంచి బూట్లకూ, ఏడాదికోసారి రక్త పరీక్షకూ పెట్టాలి. ముఖ్యంగా ఆడపిల్లల్లో "దమ్ము లేదు" అనుకునేది చాలాసార్లు రక్తహీనతే. దానికి హిమోగ్లోబిన్ పరీక్ష కావాలి, చూర్ణం కాదు.

పెద్దల అనుభవం, అడవి జ్ఞానం, హకీమీ వైద్యం మన ఆస్తులే. ముష్టి గింజ ఏరే కోయ అక్కను అడిగినా అది విషమనే చెబుతుంది, పిల్లల చేతికి ఇవ్వదు. హకీం సాబ్ కూడా తూచి తూచి ఇస్తారు. ఆ జాగ్రత్త మధ్యలో ఎక్కడో జారిపోయి, చివరికి "మూలికే కదా" అన్న ఒక్క మాట మిగులుతోంది. రేపు ఉదయం పిల్లలు గ్రౌండ్‌కు బయలుదేరేటప్పుడు వాళ్ల సంచిలో ఉన్న డబ్బా ఒక్కసారి బయటకు తీసి, లేబుల్ మొత్తం చదవండి. చదవడానికి లేబులే లేకపోతే, ఆ డబ్బా ఇంట్లోనే ఆపేయండి.